పానా పట్టేముందు చక్రాన్ని అడగాల్సిన ప్రశ్నలు

కాకుమాను మండలంలో పాత కారు నడిపేవారికి రోడ్డు కింది నేల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గుంటూరు జిల్లా దక్షిణాన కొమ్మమూరు కాలువకూ నల్లమడ వాగుకూ చేరువలో ఉన్న ఈ పల్లెలు నల్లరేగడి మీద ఉన్నాయి. ఆ మట్టిలో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది. వానలకు ఆ పొరల మధ్యకు నీరు చేరి మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలంలో నీరంతా పోయి, చెయ్యి దూరేంత బీటలు విడుస్తుంది. పైన వేసిన తారు ఈ ఉబ్బుకూ కుంగుకూ తట్టుకోలేదు. రోడ్డు అలలు తేలుతుంది, అంచులు విరుగుతాయి, గుంటలు పడతాయి. గుంటలో పడ్డ ప్రతి దెబ్బా టైరునూ రిమ్మునూ దాటి బేరింగుకు చేరుతుంది. అందుకే ఇలాంటి రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగిన కారుకు ఎప్పుడో ఒకప్పుడు చక్రం దగ్గర చప్పుడు మొదలవుతుంది.

చప్పుడుతో పాటే సలహాలూ మొదలవుతాయి. బేరింగు పోయిందని ఒకరు, షాకబ్జర్ అని ఒకరు, టైరు అరిగిందని ఇంకొకరు అంటారు. ఒక్కొక్క సామానే మార్చుకుంటూ పోతే వేలకు వేలు ఖర్చయ్యాక కూడా చప్పుడు అలాగే ఉండిపోవడం పాత కార్లవాళ్ళకు కొత్త కాదు. నిజానికి చక్రం దగ్గరున్న ప్రతి భాగానికీ చప్పుడు చేసే తీరు ఒకటి ఉంటుంది. ఒకటి వేగంతో పాటు పెరుగుతుంది. ఒకటి మలుపులో మారుతుంది. బ్రేకు తాకగానే ఆగిపోయేది ఒకటైతే, గుంటలో పడినప్పుడే పలికేది ఇంకొకటి. ఈ తేడాల వెనక ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. అది తెలుసుకుని సరైన ప్రశ్నలు వేస్తే, ఒక్క నట్టు విప్పకుండానే అనుమానాన్ని ఒకటి రెండు భాగాలకు తగ్గించవచ్చు.

చెవి చెప్పే దిక్కును నమ్మవద్దు

“చప్పుడు ముందు ఎడమవైపు నుంచే వస్తోంది” అని గట్టిగా చెప్పేవారు కూడా తరచు పొరబడతారు. అందులో వారి తప్పేమీ లేదు. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చడానికి మెదడు రెండు చెవుల మధ్య తేడాను వాడుకుంటుంది. పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందు చేరి, రెండో చెవికి సెకనులో సుమారు 1500వ వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆరుబయట ఈ తేడా చాలు. కారు లోపల చాలదు.

బేరింగు హోరు లాంటి మందమైన శబ్దాన్ని తీసుకోండి. అది సెకనుకు 50 కంపనాల శబ్దం అనుకుంటే, గాలిలో దాని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మారుతీ 800 కారు మొత్తం పొడవే 3.3 మీటర్లు. అంటే ఒక్క తరంగంలో సగం కూడా కారులో పట్టదు. అలాంటప్పుడు రెండు చెవులకూ దాదాపు ఒకే రకంగా వినిపిస్తుంది. దీనికి తోడు ఆ కంపనం గాలి కంటే ముందు ఇనుములో ప్రయాణిస్తుంది. స్టీలులో శబ్దవేగం గాలిలో కంటే దాదాపు 15 రెట్లు ఎక్కువ. చక్రం దగ్గర పుట్టిన కంపనం సస్పెన్షన్ గుండా బాడీకి చేరి, నేలరేకునూ తలుపులనూ ఒకేసారి మోగిస్తుంది. వెనక కుడి బేరింగు మోత డ్రైవరుకు తన కాళ్ళ దగ్గర నుంచే వస్తున్నట్టు అనిపించవచ్చు. కాబట్టి “ఎక్కడ” అనేదాన్ని కాసేపు పక్కనపెట్టి, ముందు “ఎప్పుడు” అని అడగాలి.

మొదటి ప్రశ్న: దేనితో పాటు పెరుగుతోంది?

కారులో తిరిగే సామాను రెండు జట్లు. ఒకటి ఇంజనుతో తిరుగుతుంది, ఒకటి చక్రంతో తిరుగుతుంది. ఈ రెంటినీ విడదీయడం చాలా తేలిక. ఎదురూ వెనకా వాహనాలు లేని తిన్నని రోడ్డు చూసుకుని, 60 కిలోమీటర్ల వేగానికి చేరాక గేరు న్యూట్రల్‌లో వేయండి. ఇంజను నిమ్మళిస్తుంది, చక్రాలు అదే వేగంతో దొర్లుతుంటాయి. చప్పుడు ఇంజనుతో పాటే తగ్గిపోతే చక్రాల జోలికి పోనక్కర్లేదు. అలాగే ఉండి, కారు నెమ్మదించేకొద్దీ మెల్లమెల్లగా దిగుతుంటే అది చక్రం జట్టులోదే. ఈ పరీక్షలో ఇంజనును మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఆపితే బ్రేకు బూస్టరుకూ పవర్ స్టీరింగుకూ బలం పోతుంది.

చక్రందే అని తేలాక ఒక చిన్న లెక్క ఉంది. ఆల్టోలాంటి చిన్న కార్లకు ఉండే టైరు మీద 145/80 ఆర్ 12 అని రాసి ఉంటుంది. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, దాని గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, రిమ్ము వ్యాసం 12 అంగుళాలు అని దాని అర్థం. ఈ మూడు అంకెల నుంచి లెక్క వేస్తే టైరు చుట్టుకొలత 1 మీటరు 69 సెంటీమీటర్లు వస్తుంది. గంటకు 6 కిలోమీటర్ల వేగంలో, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగంలో, ఆ చక్రం సెకనుకు దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది. 60లో పది చుట్లు.

ఇప్పుడు అద్దాలు దించి, గోడ పక్కగా ఆ నడక వేగంలో పోనివ్వండి. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. “టక్” అనేది సెకనుకు ఒక్కసారి పడుతుంటే, చక్రం చుట్టులో ఒక్కచోట ఏదో ఉంది. గాడిలో ఇరుక్కున్న కంకర కావచ్చు, దిగిన మేకు కావచ్చు, టైరు ఒకచోట ఉబ్బి ఉండవచ్చు. ఇది పంక్చర్ షాపు పని. నెమ్మదిగా ఉన్నప్పుడు ఏమీ లేకుండా, వేగం పెరిగాక ఎడతెగని హోరుగా వస్తుంటే ఒక్కో చుట్టుకు చాలాసార్లు ఏదో తగులుతోందని అర్థం. అక్కడ అనుమానం బేరింగు మీదికీ టైరు పట్టీల మీదికీ వెళుతుంది.

బేరింగు లోపల జరిగేది

ఎడ్లబండి చక్రం ఇరుసు మీద రుద్దుకుంటూ తిరిగేది. ఆ రాపిడి తగ్గించడానికి ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పెట్టేవారు. రుద్దుకోవడానికి బదులు దొర్లేటట్టు చేయవచ్చన్న ఆలోచనతో వేల్స్ దేశంలోని కార్మార్దెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లో బండి ఇరుసుకు గుండ్లు అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పారిస్ సైకిల్ మెకానిక్ జూల్ సూరిరే 1869లో సైకిలు చక్రానికి అదే పని చేశాడు. కానీ గుండ్లన్నీ ఒకే సైజులో, నిండు గుండ్రంగా లేకపోతే బరువంతా ఒకటి రెంటి మీదే పడి అవి త్వరగా పాడయ్యేవి. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో గుండ్లను సమానంగా సానబట్టే యంత్రం తయారుచేశాక బేరింగులు అందరికీ అందాయి.

ఈనాటి కారు బేరింగులో రెండు స్టీలు వలయాల మధ్య గుండ్లు వరసగా దొర్లుతుంటాయి. ఒక్కో గుండు వలయాన్ని తాకే చోటు చదరపు మిల్లీమీటరు ఆ ప్రాంతం మాత్రమే. కారు బరువు అంతా ఆ చిన్న చుక్కల గుండానే నేలకు దిగాలి. ఇలా ఒకదానికొకటి ఒత్తుకునే గుండ్రని వస్తువుల మధ్య ఒత్తిడి ఎలా పరచుకుంటుందో జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ హెర్ట్జ్ 1880ల మొదట్లో లెక్కగట్టాడు. ఆ లెక్కల నుంచి తేలిన విశేషం ఏమిటంటే, లోహాన్ని అన్నిటికంటే ఎక్కువగా కోసే ఒత్తిడి పై చర్మం మీద ఉండదు, దానికి కొద్దిగా కింద ఉంటుంది. కోట్ల సార్లు గుండ్లు దొర్లాక అక్కడ కంటికి కనిపించని పగులు పుడుతుంది. అది మెల్లగా పైకి పాకుతుంది. ఒకరోజు చిన్న పెళ్ళ లేచిపోయి, అద్దంలా ఉన్న వలయం మీద గుంట మిగులుతుంది.

ఆ గుంటే చప్పుడుకు మొదలు. బేరింగులో 12 గుండ్లు ఉన్నాయనుకోండి. గుండ్లు చక్రం కంటే నెమ్మదిగా, దాదాపు సగం వేగంతో చుట్టూ తిరుగుతాయి. బయటి వలయంలో గుంట పడితే, చక్రం ఒక చుట్టు తిరిగేలోగా సుమారు 5 గుండ్లు దాని మీదుగా పోతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 10 చుట్లు కాబట్టి సెకనుకు 50 దాకా దెబ్బలు. సెకనుకు 20కి మించిన దెబ్బలను మన చెవి విడివిడిగా పట్టుకోలేదు, కలిపి ఒక స్వరంగా వింటుంది. అందుకే పాడైన బేరింగు టకటకమనకుండా గుయ్యిమని హోరెత్తుతుంది. వేగం పెరిగితే దెబ్బలు పెరుగుతాయి, హోరు స్వరం పైకి లేస్తుంది. 40 దాటాక మొదలై 60, 70కి మాట వినబడనివ్వని మోత అసలు రహస్యం ఇదే.

బేరింగు ఆయుష్షు బరువును బట్టి ఎంత వేగంగా పడిపోతుందో కూడా తెలుసుకోవాలి. బాల్ బేరింగుల విషయంలో ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం భారం రెండింతలైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. భారం నాలుగో వంతు పెరిగినా ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. వెనక సీటు తీసేసి మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు తిరిగే చిన్న కారుకు వెనక బేరింగులు ముందుగా ఎందుకు పోతాయో ఈ లెక్కే చెబుతుంది.

రెండో ప్రశ్న: మలుపులో ఏమవుతోంది?

కారు కుడికి తిరిగితే మనం ఎడమకు ఒరుగుతాం. కారూ అంతే, బరువు ఎడమ చక్రాల మీదికి జరుగుతుంది. మనుషులతో కలిపి 800 కిలోలున్న చిన్న కారు, 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో 40 కిలోమీటర్ల వేగంతో తిరిగిందనుకోండి. బరువు కేంద్రం అర మీటరు ఎత్తున, చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లుగా తీసుకుంటే, కుడి వైపు నుంచి సుమారు 70 కిలోల భారం ఎడమ వైపుకు మారుతుంది. గుంట పడ్డ బేరింగు మీద ఆ బరువు పడగానే హోరు పెరుగుతుంది. అదే బేరింగు మీద బరువు తగ్గితే హోరు సన్నబడుతుంది.

కాబట్టి హోరు వినిపించే వేగంలోనే మెల్లని వంపులు ఉన్నచోట గమనించాలి. కుడికి తిరిగినప్పుడు పెరిగి ఎడమకు తిరిగినప్పుడు తగ్గితే ముందు ఎడమ వైపును అనుమానించాలి. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి వైపును. ఇందుకోసం రద్దీ రోడ్డులో కారును అటూ ఇటూ ఊపవద్దు. రోడ్డు సహజంగా తిరిగేచోటే చాలు. రెండు వరసల గుండ్లున్న బేరింగుల్లో ఏ వరస పాడైందన్నదాన్ని బట్టి ఫలితం అప్పుడప్పుడు తారుమారు కావచ్చు. అందుకని దీన్ని గట్టి సూచనగా తీసుకుని, తీర్పును మాత్రం జాకీ పరీక్షకు వదలాలి.

బేరింగులాగే పలికే టైరు

బేరింగు మార్చినా హోరు పోలేదంటే చాలాసార్లు దోషి టైరే. షాకబ్జర్ నీరసించినప్పుడు చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా సన్నగా ఎగిరెగిరి పడుతుంది. దిగినచోటల్లా రబ్బరు ఎక్కువ అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు టైరు చుట్టూ మిట్టపల్లాలు ఏర్పడతాయి. అవి రోడ్డును తట్టినప్పుడు పుట్టే మోత అచ్చం బేరింగు మోతలాగే ఉంటుంది.

రెంటినీ విడదీయడానికి మన ఊళ్ళలోనే మంచి సౌకర్యం ఉంది. ఊరి లోపల సిమెంటు రోడ్డు, ఊరు దాటగానే తారు రోడ్డు. ఒకే వేగంతో ఒకదాని మీద నుంచి ఇంకొకదాని మీదికి వెళ్ళండి. రోడ్డు మారగానే మోత స్వభావం మారిందంటే అది టైరుది. బేరింగుకు కింద ఏ రోడ్డు ఉందో పట్టదు, దాని మోత దాదాపు అలాగే కొనసాగుతుంది. కారు ఆపాక టైరు పట్టీల మీద అరచేతిని ముందుకోసారి, వెనక్కోసారి నిమరండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపపు పళ్ళలా తగిలితే సమాధానం చేతికే దొరికినట్టు. అయితే తెగిన టైరులో స్టీలు తీగలు బయటపడి ఉంటాయి, ముందు కళ్ళతో చూసి ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇంకా సందేహం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పించండి. మోత చోటు మారితే టైరే.

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇంటి ముందు నెలల తరబడి కదలకుండా నిలిచిన కార్లు పల్లెల్లో చాలా ఉన్నాయి. వాటికి పట్టీలు కొత్తగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, నేలకు ఆనినచోట చదునుపడి ఉంటుంది. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల కంటే వయసు ముఖ్యమయ్యే సందర్భం ఇది.

మూడో ప్రశ్న: బ్రేకు తాకితే ఏమంటుంది?

కీచుమనే సన్నని చప్పుడుకు బ్రేకే మొదటి అనుమానితుడు. ప్యాడు డిస్కును పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకోవడం సెకనుకు వెయ్యిసార్లకు పైగా జరిగినప్పుడు ఈ కీచుదనం పుడుతుంది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. ప్యాడు అరిగి పల్చబడగానే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమని హెచ్చరిస్తుంది. నడుస్తున్నప్పుడు కీచుమంటూ, పెడలును మెత్తగా తాకగానే ఆగడమో మారడమో జరిగితే ప్యాడ్లు చూపించుకోవలసిన సమయం వచ్చింది. బ్రేకు వేసినప్పుడు గరగరమని ఇనుము ఇనుముతో రాసుకునే చప్పుడు వస్తే ప్యాడు పూర్తిగా అయిపోయిందన్నమాట. ఆ కారును ఇక నడపకూడదు.

భయపెట్టేటంత పెద్దగా మోగినా ఖర్చు లేనివి కూడా ఇక్కడ రెండున్నాయి. రాత్రి వాన పడి తెల్లారి బయలుదేరితే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమనవచ్చు. డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు అది, దానంతటదే పోతుంది. రెండోది కంకర. డిస్కు వెనక పల్చటి రేకు కవచం ఉంటుంది. దానికీ డిస్కుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే వీధంతా తిరిగి చూసేలా గీ పెడుతుంది. కారును నెమ్మదిగా కొన్ని అడుగులు వెనక్కి, ముందుకి నడిపితే చాలాసార్లు అది రాలిపోతుంది.

నాలుగో ప్రశ్న: స్టీరింగు పూర్తిగా తిప్పితే? గుంటలో దిగితే?

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. ఆ చక్రాలు తిరగాలి, పక్కకు వంగాలి, ఎగుడుదిగుళ్ళకు లేవాలి. ఈ మూడూ ఒకేసారి జరిగినా బలం కుదుపు లేకుండా అందేందుకు యాక్సిల్ చివర గుండ్లతో చేసిన జాయింటు ఉంటుంది. ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920ల్లో రూపొందించిన ఆ అమరికలో 6 గుండ్లు వంపు గాళ్ళలో కదులుతాయి. దాన్ని కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, ఇసుకా బురదా లోపలికి చేరతాయి. గాళ్ళు అరుగుతాయి. తిన్నగా పోతున్నప్పుడు గుండ్లు పెద్దగా కదలవు కాబట్టి చప్పుడు ఉండదు. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా వేగం ఇస్తే గుండ్లు గాడి చివరి దాకా వెళ్ళివస్తూ కటకటమంటాయి. ఖాళీ స్థలంలో కుడికో సున్నా, ఎడమకో సున్నా చుడితే తెలిసిపోతుంది. చిరిగిన బూటును మొదట్లోనే మార్పిస్తే జాయింటు దక్కుతుంది. కటకట మొదలయ్యాక జాయింటే మార్చాలి.

గుంటలోనో స్పీడు బ్రేకరు మీదో మాత్రమే “డబ్” మనే చప్పుడు తిరిగే సామానుది కాదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింటు, లింక్ రాడ్లు, షాకబ్జర్ పైనున్న మౌంటింగు, వీటిలో ఎక్కడో సందు పడింది. ఒక పక్క చక్రాలు మాత్రమే గుంటలో దిగినప్పుడు ఎక్కువ మోగితే లింక్ రాడ్లనూ వాటి బుష్‌లనూ ముందు చూడాలి. రెండు పక్కల చక్రాలు వేరువేరుగా లేచి దిగినప్పుడే వాటి మీద బలం పడుతుంది.

జాకీ మీద చివరి తీర్పు

ఇప్పుడు “ఎక్కడ” అని అడగవచ్చు. నల్లరేగడి మీద జాకీ దిగబడుతుంది. సిమెంటు గచ్చు చూసుకోండి, లేదా కింద మందపాటి చెక్క వేయండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి, కారు కింద స్టాండు పెట్టాలి, ఒళ్ళు కారు కిందికి పోనివ్వకూడదు.

లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఆడితే బేరింగయినా కావాలి, బాల్ జాయింటయినా కావాలి. ఏదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు నొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. బ్రేకు పట్టగానే డిస్కూ, అది బిగించి ఉన్న హబ్బూ, వెనకున్న ఇనుప దిమ్మకు అతుక్కుపోతాయి. మధ్యలో ఉన్న బేరింగుకు కదిలే వీలు పోతుంది. ఆట ఆగిపోతే లోపం బేరింగులో ఉంది. ఆగకపోతే బాల్ జాయింటులోనో బుష్‌లలోనో ఉంది. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడే ఆడితే స్టీరింగ్ ఎండ్లు చూడాలి.

బేరింగు వదులు కాకుండానే లోపల గుంటలు పడి ఉండవచ్చు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ, రెండో చేతి వేళ్ళను సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. మంచి బేరింగయితే స్ప్రింగులో కదలిక తెలియదు. పాడైన బేరింగు గరుకు స్ప్రింగు దాకా వచ్చి వేళ్ళకు సన్నని వణుకుగా తగులుతుంది. చెవిని గందరగోళపరచిన ఇనుమే ఇక్కడ మనకు కబురు మోసుకొస్తుంది. నాలుగు చక్రాలనూ ఇలాగే పోల్చి చూస్తే తేడా ఉన్నది బయటపడుతుంది.

మన నేల తెచ్చే చప్పుళ్ళు

పుస్తకాల్లో తక్కువగా కనిపించి, మన ప్రాంతంలో ఎక్కువగా ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. మొదటిది బంకమట్టి. దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కినప్పుడు రాలిన మట్టి, కారు రిమ్ము లోపలి వైపు అంటుకుని గట్టిపడుతుంది. కేవలం 100 గ్రాముల మట్టి అక్కడ ఉంటే, 80 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని 10 కిలోల బలంతో బయటికి లాగుతుంది, సెకనుకు 13 సార్లు దిక్కు మారుస్తూ. చిన్న కార్ల చక్రం సస్పెన్షన్ మీద సహజంగా ఎగిరే వేగం కూడా సెకనుకు 10 నుంచి 15 సార్లు ఉంటుంది. ఈ రెండూ కలిసినచోట స్టీరింగు వణుకుతుంది. 80 దగ్గర వణికి, ఆపైన తగ్గే కారుకు బ్యాలెన్సింగు చేయించే ముందు రిమ్ము లోపలి వైపు నీళ్ళు కొట్టి కడగాలి.

రెండోది కట్టె. నూర్పిడి కోసం రోడ్డు మీద పరిచిన మినప, కంది కట్టె యాక్సిల్‌కు చుట్టుకుని రేకులకు రాసుకుంటుంది. చప్పుడు చిన్నదే కానీ ఎండుకట్టె సైలెన్సరు వేడికి అంటుకోగలదు. దాటాక ఆగి, కిందికి వంగి చూడడం మంచిది.

మూడోది వరదనీరు. వాగు పొంగి రోడ్డెక్కినప్పుడు దూరం నుంచి వచ్చి వేడెక్కి ఉన్న హబ్బు చల్లటి నీటిలో మునుగుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, సీలు పాతదైతే ఆ లోటులోకి బురదనీరు పీల్చుకుంటుంది. ఆ రోజు ఏమీ తెలియదు. గ్రీజు చెడి, తుప్పు పట్టి, కొన్ని వారాల తర్వాత హోరు మొదలవుతుంది. అందుకే మెకానిక్‌తో నీళ్ళలో దిగిన సంగతి తప్పక చెప్పాలి.

షెడ్డులో ఏం చెప్పాలి, ఏం అడగాలి

షెడ్డుకు తీసుకెళ్ళేసరికి చప్పుడు మూగబోవడం సాధారణం. పక్కన కూర్చున్నవారు ఫోనులో రికార్డు చేస్తూ వేగం ఎంతో పైకి చెబితే ఆ ఇబ్బంది ఉండదు. దానితో పాటు నాలుగు జవాబులు కాగితం మీద రాసుకోండి: న్యూట్రల్‌లో ఉందా, మలుపులో పెరిగిందా, బ్రేకుకు మారిందా, గుంటలోనే వస్తుందా. “చక్రం దగ్గర ఏదో చప్పుడు” అన్న ఫిర్యాదుకూ, “60లో హోరు, న్యూట్రల్‌లో పోదు, కుడి వంపులో పెరుగుతుంది, సిమెంటు రోడ్డు మీద కూడా అంతే” అన్న మాటకూ మధ్య మెకానిక్‌కు ఎన్నో గంటల పని తేడా ఉంది.

బేరింగు మార్చాల్సి వస్తే ఎలా ఎక్కిస్తారో అడగండి. సుత్తితో కొట్టి దిగ్గొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి కొత్త బేరింగు వలయం మీదే నొక్కులు పెడుతుంది. కొద్ది నెలల్లో అదే హోరు తిరిగొస్తుంది. ఏ వలయం బిగువుగా కూర్చోవాలో ఆ వలయాన్నే ప్రెస్సుతో ఒత్తి ఎక్కించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటిచోట్ల ఇది రోజువారీ పని. ఊళ్ళో ప్రెస్సు లేకపోతే హబ్బును విప్పి అక్కడికి పంపించి చేయించడం సుత్తి కంటే చవక.

కొన్నిటికి మాత్రం వాయిదా పనికిరాదు. టైరు మార్చిన తర్వాత చక్రం దగ్గర దడదడమంటే వెంటనే ఆపి నట్లు చూడాలి. కొత్తగా బిగించిన నట్లను 50, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించడం తప్పనిసరి అలవాటు కావాలి. హోరుతో పాటు చక్రం ఆడడం మొదలైన బేరింగు డిస్కును ఊపుతుంది, డిస్కు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, అవసరమైన క్షణంలో బ్రేకు పెడలు లోతుకు పోతుంది. ఆఖరికి చక్రమే ఊడిపోవచ్చు. అరిగిన టైరుకు నెలాఖరు దాకా ఆగవచ్చేమో గానీ, ఆడే బేరింగుతో పెళ్ళాం పిల్లలను ఎక్కించుకుని బాపట్ల దాకా కూడా పోకూడదు.

మారుతీ 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా అలాంటి పాత కార్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతూ ఆసుపత్రులకూ పెళ్ళిళ్ళకూ సంతలకూ మనుషులను చేరవేస్తున్నాయి. వాటిని నమ్ముకున్న కుటుంబాల్లో చాలావాటికి కొత్త కారు కొనే స్థోమత లేదు. అవసరం లేని సామాను కొనిపించే ప్రతి ఊహా వారి జేబు మీద పడే భారమే, పట్టించుకోని ప్రతి చప్పుడూ వారి ప్రాణాలకు ముప్పే. ఆ రెంటి నుంచీ కాపాడే పరీక్షలకు కావలసింది ఒక తిన్నని రోడ్డు, ఒక జాకీ, సాయానికి ఇంకో మనిషి. డ్రైవింగు నేర్పేటప్పుడు గేర్లతో పాటు ఈ నాలుగు ప్రశ్నలు కూడా నేర్పితే, లైసెన్సు తీసుకున్న ప్రతివారూ తమ బండి జబ్బును సగం తామే తేల్చుకోగలుగుతారు.